ఆకాశంలో 145 కిలోమీటర్లు.. నేల మీద నాలుగు గంటలు!

* శంషాబాద్ - మామునూరు మధ్య గగనతల దూరమే ఓరుగల్లుకు అడ్డుగోడ
* ఒకే ఒప్పందంతో తార్నాకకు దూరమైన బేగంపేట, ఆగిపోయిన వరంగల్ విమానాశ్రయం
* దూరాన్ని కాదు, ఇంటి నుంచి ఇంటికి పట్టే కాలాన్ని లెక్కించాల్సిన తరుణం

తార్నాక (హైదరాబాద్): ఓరుగల్లు రహదారి హైదరాబాద్ నగరంలోకి ప్రవేశించేది ఉప్పల్ వద్ద. అక్కడి నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక కూడలికి చేరుకుంటే ఎడమ వైపున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఆరంభమవుతుంది. ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి చదువు కోసం వచ్చిన తరతరాల విద్యార్థులకు నగరమంటే ముందుగా పరిచయమైనది ఈ కూడలే. పండుగలకు, సెలవులకు భుజాన సంచులతో వారు ఇక్కడే నిలబడి ఉప్పల్ బస్సు కోసం ఎదురు చూస్తారు. ఉప్పల్‌లో హన్మకొండ బస్సు అందుకుంటే ఇక దాదాపు మూడు గంటల ప్రయాణం.

వరంగల్ సమీపంలోని మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ ఆమోదం తెలిపిన నాటి నుంచి ఈ ప్రయాణికుల మాటల్లో ఒక ప్రశ్న తరచుగా వినవస్తోంది. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు విమానంలో ఎంతసేపు పడుతుంది? ప్రశ్న చిన్నదే. సమాధానం మాత్రం రెండు దశాబ్దాల పాటు ఒక జిల్లా ప్రగతిని శాసించిన అంకెతో ముడిపడి ఉంది.

లెక్క ఇలా..

విమాన దూరాన్ని రహదారి మైలురాళ్లతో కొలవరు. రెండు విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలను తీసుకుని భూగోళం మీద వాటి మధ్య ఉన్న అతి తక్కువ దూరాన్ని లెక్కిస్తారు. దీనినే గగనతల దూరంగా వ్యవహరిస్తారు. దగ్గరి ఊళ్ల విషయంలో ఈ లెక్కకు పదో తరగతి గణితం సరిపోతుంది.

శంషాబాద్ విమానాశ్రయం సుమారు 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. మామునూరు 17.91 డిగ్రీల అక్షాంశం, 79.60 డిగ్రీల రేఖాంశం వద్ద ఉంది. ఒక డిగ్రీ అక్షాంశానికి దాదాపు 111 కిలోమీటర్లు. మన ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశానికి సుమారు 106 కిలోమీటర్లు. ఈ ప్రకారం మామునూరు శంషాబాద్‌కు ఉత్తరంగా 75 కిలోమీటర్లు, తూర్పుగా 124 కిలోమీటర్లు జరిగి ఉన్నదన్నమాట. పైథాగరస్ సూత్రంతో కర్ణం కడితే వచ్చే దూరం సుమారు 145 కిలోమీటర్లు. పాత బేగంపేట విమానాశ్రయం నుంచి లెక్కిస్తే ఇది 131 కిలోమీటర్లే.

ఈ 145 అంకెకు ఐదు కిలోమీటర్లు ఎక్కువై ఉంటే వరంగల్ విమానాశ్రయ చరిత్ర మరోలా ఉండేది.

ఒకే ఒప్పందం.. రెండు దూరాలు

శంషాబాద్ విమానాశ్రయ నిర్మాణం, నిర్వహణ నిమిత్తం 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వానికి, జీఎంఆర్ ఆధ్వర్యంలోని హైదరాబాద్ అంతర్జాతీయ విమానాశ్రయ సంస్థకు మధ్య ఒప్పందం కుదిరింది. కొత్త విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుంచి 25 ఏళ్ల వరకు దానికి 150 కిలోమీటర్ల గగనతల దూరంలో పోటీగా మరో విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయరాదన్నది అందులోని ఒక నిబంధన. శంషాబాద్‌లో కార్యకలాపాలు మొదలైనది 2008 మార్చి 23న. ఆ లెక్కన ఈ కట్టడి 2033 వరకు కొనసాగాలి. మామునూరు ఈ వలయంలో చిక్కుకుంది. వలయం అంచుకు ఐదు కిలోమీటర్ల లోపల ఉన్న కారణంగా, నిజాం హయాంలో నిర్మించిన రన్‌వే ఉన్నప్పటికీ, దాని పునరుద్ధరణ ప్రతిపాదనకు ఈ నిబంధన ప్రధాన అవరోధంగా నిలిచింది.

ఆ ఒప్పందం ప్రభావం వరంగల్‌కే పరిమితం కాలేదు. కొత్త విమానాశ్రయం తెరుచుకున్న రోజే బేగంపేటలో ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. తార్నాక నుంచి బేగంపేటకు పది కిలోమీటర్ల మేర ఉంటుంది. శంషాబాద్‌కు ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఆటోలో అరగంటలో విమానాశ్రయం చేరుకునే ప్రాంతం ఒక్క రాత్రిలో గంటకు పైగా దూరం జరిగింది. విశ్వవిద్యాలయ ఆచార్యులు, పరిసరాల్లోని జాతీయ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు, ఉద్యోగులు అందరూ ఈ మార్పును అనుభవించినవారే. తార్నాక మీదుగా 2017 నవంబరు నుంచి మెట్రో రైలు నడుస్తున్నా అది విమానాశ్రయం వరకు చేరలేదు. ఉప్పల్, ఎల్బీనగర్ మీదుగా రోడ్డు ప్రయాణమే నేటికీ శరణ్యం.

ఒకే పత్రం తార్నాకకు ఉన్న విమానాశ్రయాన్ని దూరం చేసింది. వరంగల్‌కు రావలసిన విమానాశ్రయాన్ని ఆపింది. పెద్ద విమానాశ్రయానికి వేల కోట్ల పెట్టుబడి అవసరమని, పెట్టుబడి పెట్టే సంస్థ రక్షణ కోరుకోవడం సహజమని చెప్పేవారి వాదనను తోసిపుచ్చలేము. బెంగళూరు విమానాశ్రయ ఒప్పందంలోనూ ఇటువంటి షరతు ఉంది. అయితే ఆ రక్షణకు మూల్యం చెల్లించినది ఎవరన్నదే ఇక్కడి ప్రశ్న.

124కు వీలైంది.. 145కు ఆలస్యమైంది

ఈ వలయంలో ఉన్నది మామునూరు ఒక్కటే కాదు. కర్ణాటకలోని బీదర్ విమానాశ్రయం శంషాబాద్‌కు సుమారు 124 కిలోమీటర్ల గగనతల దూరంలో ఉంది. అంటే మామునూరు కన్నా దగ్గర. భారత వాయుసేన స్థావరమైన బీదర్‌లో ప్రయాణికుల టెర్మినల్ నిర్మించిన తర్వాత కూడా ఏళ్ల తరబడి విమానం దిగలేదు. ఎట్టకేలకు 2020 ఫిబ్రవరి 7న బెంగళూరు - బీదర్ సర్వీసు ప్రారంభమైంది. మామునూరుకు ఆమోదం లభించడానికి మరో ఐదేళ్లు పట్టింది.

మామునూరు, బీదర్ రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, హైదరాబాద్‌కు చెరొక పక్క, 224 కిలోమీటర్ల ఎడంతో ఉన్నాయి. రెండూ ఒకనాటి నిజాం రాజ్యంలోని ఊళ్లే. రెండు సందర్భాల్లోనూ భూగోళం మీద దూరం అంగుళం కూడా మారలేదు. మారినది నిర్ణయమే. మామునూరు విషయంలో హైదరాబాద్ విమానాశ్రయ సంస్థ నిరభ్యంతరం తెలిపిన తర్వాతే కేంద్రం ఆమోదముద్ర వేసింది. దూరం పేరు చెప్పి ఆగిన పని అంగీకారంతో కదిలింది. జిల్లాల ప్రజలు గుర్తుంచుకోవలసిన విషయమిది.

గాలిలో ఇరవై నిమిషాలే.. కానీ

ఇప్పుడు తార్నాక కూడలి వద్ద వినిపించే ప్రశ్నకు వద్దాం. చిన్న పట్టణాల మధ్య తిరిగే ఏటీఆర్-72 విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో ప్రయాణించగలదు. ఈ వేగంతో 145 కిలోమీటర్లకు పద్దెనిమిది నిమిషాలు చాలు. కానీ విమానం బస్టాండులో బస్సులా బయలుదేరదు. నిలిచిన చోటు నుంచి రన్‌వే వరకు వెళ్లాలి, వంతు కోసం ఆగాలి, ఎత్తుకు ఎక్కాలి, గాలి వాలును బట్టి చుట్టు తిరిగి దిగాలి. దగ్గరి దూరాలకు పూర్తి వేగం అందుకునే లోపే కిందికి దిగవలసి వస్తుంది. అందుచేత టిక్కెట్టుపై ముద్రించే కాలం ముప్పావు గంటకు తగ్గదు.

ఇంటి నుంచి ఇంటికి లెక్క కడితే పరిస్థితి ఇలా ఉంటుంది. ఇవి సాధారణ రద్దీని దృష్టిలో ఉంచుకుని వేసిన అంచనాలు.

* తార్నాక నుంచి హన్మకొండకు బస్సులో: ఉప్పల్ చేరడానికి అరగంట, అక్కడి నుంచి మూడు గంటల లోపు. మొత్తం మూడున్నర గంటలు.

* రైలులో: సికింద్రాబాద్ చేరడానికి అరగంట, ఎదురుచూపు అరగంట, కాజీపేట వరకు 132 కిలోమీటర్లకు సుమారు రెండు గంటలు, అక్కడి నుంచి హన్మకొండకు ఇరవై నిమిషాలు. మొత్తం మూడు గంటల ఇరవై నిమిషాలు.

* విమానంలో (సర్వీసు ఉన్నదనుకుంటే): శంషాబాద్ చేరడానికి గంటంపావు, తనిఖీలు, ఎదురుచూపు గంటన్నర, ప్రయాణం ముప్పావు గంట, బయటికి రావడానికి పావుగంట, మామునూరు నుంచి హన్మకొండకు అరగంట. మొత్తం నాలుగుంబావు గంటలు.

విమానమే అన్నింటికన్నా నెమ్మది! పైగా విమానంలో వెళ్లదలచిన తార్నాక వాసి ముందుగా వరంగల్‌కు వ్యతిరేక దిశలో ముప్పై కిలోమీటర్లు పోవాలి. కనుక హైదరాబాద్ - వరంగల్ విమానం అన్నది ప్రయాణికుడికి గాని, విమాన సంస్థకు గాని గిట్టుబాటు కాని మాట. 150 కిలోమీటర్ల నిబంధన కాపాడదలచినది కూడా ఈ మార్గాన్ని కాదు. ఢిల్లీకో, ముంబయికో, తిరుపతికో వెళ్లదలచిన వరంగల్ ప్రయాణికుడు శంషాబాద్ గడప తొక్కక తప్పని పరిస్థితినే అది కాపాడింది.

ఉప్పల్ వద్ద పోయిన కాలం

ఇదే సందర్భంలో నేల మీది సంగతి కూడా చెప్పుకోవాలి. ఉప్పల్ - నారపల్లి ఎత్తయిన వంతెన పనులు 2018లో మొదలయ్యాయి. ఆరు కిలోమీటర్ల పైచిలుకు వంతెన ఏళ్ల తరబడి జాప్యమై, తవ్విన గుంతలు, ధూళి, మలుపుల మధ్య వరంగల్ మార్గ ప్రయాణికులను నానా అగచాట్లకు గురిచేసింది. రద్దీ వేళల్లో ఉప్పల్ దాటడానికి అరగంట, ముప్పావు గంట గడిచిన రోజులు ఎన్నో. ఆకాశంలో మొత్తం ప్రయాణానికి పట్టే కాలం నేల మీద ఆరు కిలోమీటర్లలో హరించుకుపోయిందన్నమాట. విమానాశ్రయం గురించి మాట్లాడే నాయకులు ఈ వంతెన గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడి ఉంటే విద్యార్థులకు, ఆస్పత్రులకు వెళ్లే రోగులకు ఎంతో మేలు జరిగేది.

2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి రైల్వే టెర్మినల్ తూర్పు నగర వాసులకు మరో ఆశ. తార్నాక, ఉప్పల్ ప్రాంతాల నుంచి అక్కడికి సిటీ బస్సులు సరిపడా ఉంటేనే ఆ ఆశ ఫలిస్తుంది.

దూరం పెరిగినా కాలం తగ్గేది అక్కడే

మరి మామునూరు ఎందుకు? జవాబు హైదరాబాద్ దిశలో లేదు. వరంగల్ నుంచి దూర ప్రాంతాలకు, ముఖ్యంగా చిన్న విమానాశ్రయాలకు నేరుగా సాగే మార్గాల్లో ఉంది. మామునూరు నుంచి గగనతల దూరాలు సుమారుగా ఇలా ఉన్నాయి.

* రాజమహేంద్రవరం: 252 కిలోమీటర్లు
* కడప: 387 కిలోమీటర్లు
* తిరుపతి: 474 కిలోమీటర్లు

తిరుపతి, మామునూరు దాదాపు ఒకే రేఖాంశంపై ఉన్నాయి. నేరుగా దక్షిణానికి గీత గీస్తే చాలు. శంషాబాద్ నుంచి తిరుపతికి గగనతల దూరం 417 కిలోమీటర్లు. అంటే మామునూరు నుంచి తిరుపతి 57 కిలోమీటర్లు ఎక్కువ దూరం. అయినప్పటికీ హన్మకొండ వాసికి కలిసివచ్చే కాలం చూడండి.

నేడు శంషాబాద్ మీదుగా వెళ్లాలంటే అక్కడికి రోడ్డు మార్గాన మూడున్నర గంటలు, ఎదురుచూపు గంటన్నర, విమానం గంటంపావు, దిగి తిరుపతి పట్టణం చేరడానికి ముప్పావు గంట. వెరసి ఏడు గంటలు. రైలులో అయితే పది, పన్నెండు గంటలు. మామునూరు నుంచి నేరుగా విమానం ఉంటే ఇల్లు వదిలిన అరగంటలో విమానాశ్రయం, గంటన్నర ఎదురుచూపు, గంటంపావు ప్రయాణం, దిగిన తర్వాత ముప్పావు గంట. నాలుగు గంటలు. ఆకాశంలో 57 కిలోమీటర్లు పెరిగితే మొత్తం ప్రయాణంలో మూడు గంటలు తగ్గాయి. ప్రాంతీయ విమానాశ్రయ ప్రయోజనమంతా ఈ ఒక్క లెక్కలో ఉంది.

రాజమహేంద్రవరం సంగతి వేరు. 252 కిలోమీటర్లకు గంట లోపు విమాన ప్రయాణమే అయినా ముందువెనుకల కాలం కలిపితే మూడున్నర గంటలు దాటుతుంది. విజయవాడ మీదుగా నేరు రైలు ఉన్నందున ఇక్కడ మిగిలే కాలం తక్కువ. 300 కిలోమీటర్ల లోపు దూరాలకు రైలు, బస్సు గట్టి పోటీ ఇస్తాయి. 400 దాటిన తర్వాతే విమానం అసలు బలం బయటపడుతుంది. మార్గాలు ఎంపిక చేసే అధికారులు, ప్రజాప్రతినిధులు దీనిని విస్మరించరాదు.

కడప నేర్పిన పాఠం

విమానాశ్రయం తెరవడం ఒక ఎత్తు, విమానాన్ని నిలుపుకోవడం మరో ఎత్తు. ప్రాంతీయ అనుసంధానానికి కేంద్రం తలపెట్టిన ఉడాన్ పథకంలో తొలి సర్వీసులు 2017 ఏప్రిల్ 27న మొదలయ్యాయి. సిమ్లా - ఢిల్లీతో పాటు కడప - హైదరాబాద్, నాందేడ్ - హైదరాబాద్ మార్గాలు ఆ రోజు ప్రారంభమైనవే. గంట ప్రయాణం, అంటే సుమారు 500 కిలోమీటర్ల దూరానికి సగం సీట్లను 2,500 రూపాయలకు అందించాలన్నది నాటి నిబంధన. నష్టాన్ని పూడ్చేందుకు విమాన సంస్థలకు మూడేళ్ల పాటు ఆర్థిక సహాయం ఇస్తారు. కడపకు విమానాలు నడిపిన ట్రూజెట్ సంస్థ 2022 ఫిబ్రవరిలో కార్యకలాపాలు నిలిపివేసింది. మరో సంస్థ వచ్చి సర్వీసులు అందుకోవలసి వచ్చింది.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023లో పార్లమెంటుకు సమర్పించిన నివేదిక గణాంకాలు ఇంకా కఠిన వాస్తవాన్ని చెబుతున్నాయి. మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 371 మాత్రమే మొదలయ్యాయి. వాటిలో 112 మార్గాలే మూడేళ్ల గడువు పూర్తి చేశాయి. 2023 మార్చి నాటికి ఆ గడువు తర్వాత కూడా నిలిచినవి 54. కేటాయించిన ప్రతి వంద మార్గాల్లో మిగిలినవి ఏడు. ప్రారంభోత్సవ శిలాఫలకాలకు, ప్రయాణికుల టిక్కెట్లకు మధ్య ఉన్న అంతరం ఇది.

భూమి ఇచ్చేవారి మాటేమిటి?

మామునూరులో విమానాశ్రయ ప్రాధికార సంస్థ అధీనంలో సుమారు 696 ఎకరాలు ఉన్నాయి. పెద్ద విమానాలు దిగాలంటే రన్‌వే పొడిగించాలి. దీనికోసం మరో 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి గ్రామాల పరిసరాల రైతులు ఈ సేకరణతో ముడిపడిన వారు. సాగు భూమిని వదులుకోవలసిన కుటుంబానికి గగనతల దూరంతో పని లేదు. తమ ఊరి నుంచి పొలానికి, పట్టణానికి ఉన్న దారి రన్‌వే కింద పోతే చుట్టు తిరిగి ఎన్ని కిలోమీటర్లు నడవాలన్నదే వారి లెక్క.

ఒకరికి మూడు గంటలు ఆదా చేసే పథకం మరొకరి రోజువారీ దారిని పొడిగించరాదు. పరిహారం సకాలంలో అందించడం, ప్రత్యామ్నాయ రహదారిని ముందుగానే వేయడం ఉపకారం కాదు, బాధ్యత. 25 ఏళ్ల పాటు ఒక సంస్థ పెట్టుబడికి రక్షణ కల్పించగలిగిన ప్రభుత్వాలు పదుల ఎకరాల రైతుకు ఆ పాటి భరోసా ఇవ్వలేవా?

చేయవలసినవి ఇవీ..

* మామునూరు నుంచి తొలి మార్గాలను 400 కిలోమీటర్లకు పైబడిన గమ్యాలకు కేటాయించాలి. హైదరాబాద్ సర్వీసుతో మొదలుపెడితే ఖాళీ సీట్లే మిగులుతాయి.

* మూడేళ్ల సహాయం ముగిసిన తర్వాత సర్వీసు కొనసాగే విధానాన్ని ఒప్పంద దశలోనే స్పష్టం చేయాలి.

* వరంగల్, హన్మకొండ, కాజీపేటల నుంచి విమాన వేళలకు అనుగుణంగా ఆర్టీసీ బస్సులు నడపాలి. అరగంటలో చేరలేని విమానాశ్రయం చిన్న పట్టణానికి నిరుపయోగం.

* హైదరాబాద్ తూర్పు భాగానికి విమానాశ్రయ మెట్రో, ఉప్పల్ రహదారి, చర్లపల్లి అనుసంధానం పూర్తి చేయాలి. తార్నాక నుంచి వరంగల్‌కు నిత్యం ఉపయోగపడేది నేల మార్గమే.

తార్నాక కూడలిలో ఉప్పల్ బస్సు కోసం నిలబడిన విద్యార్థి రేపు మామునూరులో విమానం దిగి ఇంటికి వెళ్లడు. అతని ప్రయాణం బస్సులోనో, రైలులోనో సాగుతుంది. అయితే చదువు పూర్తయి దూర నగరంలో ఉద్యోగం దొరికిన నాడు సొంత జిల్లా నుంచే బయలుదేరగలడా, లేక 160 కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద వచ్చి శంషాబాద్‌లో విమానం ఎక్కవలసిందేనా అన్నది ఇప్పుడు తీసుకునే నిర్ణయాలపై ఆధారపడి ఉంది. 145 కిలోమీటర్ల అంకె రెండు దశాబ్దాలు వరంగల్‌ను ఆపింది. ఇకనైనా అధికారులు కిలోమీటర్లను పక్కన పెట్టి గంటలను లెక్కించాలి.